వివరణ లేని విజ్ఞాన భాండాగారము

ఒక ఊరి గ్రంథాలయములో అరువది వేల పుస్తకములు ఉన్నవనుకొనుడు. తలుపులకు తాళము లేదు. చందా లేదు. ఏ పుస్తకమునైనను ఇంటికి కొనిపోవచ్చును, నకలు తీసికొనవచ్చును, అందు తప్పులున్నచో దిద్ది తిరిగి ఉంచవచ్చును. అయితే పుస్తకముల పట్టిక సగమే తయారైనది. కొన్నింటికి విషయసూచిక లేదు. మరికొన్నింటికి మొదటి ప్రకరణమే లేదు. అట్టి గ్రంథాలయము ప్రజల ఆస్తి అని చెప్పుటలో అసత్యము లేదు. కాని ఆ ప్రజలలో ఎందరు దాని వలన ప్రయోజనము పొందుచున్నారని ప్రశ్నించుట విజ్ఞుల బాధ్యత. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పేరిట నేడు లోకమునకు లభించియున్న సంపద యొక్క స్థితి ఇంచుమించు ఇట్టిదే.

సాఫ్ట్‌వేర్ అనగా కంప్యూటరుచేత పని చేయించు ఆజ్ఞల సముదాయము. వర్తక సంస్థలు పెక్కు ఆ ఆజ్ఞల మూలమును రహస్యముగా ఉంచి, వాడుకొను హక్కును మాత్రమే అమ్ముచుండును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఇందుకు భిన్నమైన మార్గమును ప్రకటించెను. ప్రోగ్రామును స్వేచ్ఛగా వాడుకొనుటకు, దాని మూలమును చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు ప్రతి మనుష్యునికిని హక్కు ఉండవలెనని ఆయన వాదము. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను వెలువరించెను. 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ అను సంకలనమునకు పునాది వేసెను. విడివిడిగా పలువురు వ్రాసిన ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కట్టి, ఒకదానితో ఒకటి పొసగునట్లు కూర్చి, ఉచితముగా అందించుట దాని పని. 2023లో వెలువడిన డెబియన్ 12వ కూర్పులో 64 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నవి. ప్రధానముగా స్వచ్ఛంద సేవకుల శ్రమ వలననే ఇంతటి సంపద ప్రోగైనది.

ఇంతటి సంపదకును ఒక లోపము తొలినుండియు అంటియున్నది. ప్రోగ్రాము ఏమి చేయును, దానిని ఎట్లు ప్రారంభించవలెను, పని చెడినచో ఏమి చేయవలెను అను సంగతులను తెలుపు వివరణ పత్రములు చాలినన్ని లేవు. ఉన్నవి సమగ్రముగా లేవు. డాక్యుమెంటేషన్ అని సాంకేతికులు పిలుచునది ఇదియే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోని పెద్ద కొరత ప్రోగ్రాములలో లేదనియు, వానితో పాటు స్వేచ్ఛగా పంచుకొనదగిన మంచి వివరణ గ్రంథములు లేకపోవుటయే ఆ కొరత అనియు స్టాల్‌మన్ స్వయముగా ఒక వ్యాసములో వ్రాసియున్నారు. 2017లో గిట్‌హబ్ సంస్థ జరిపిన సర్వేలో పాల్గొన్నవారిలో నూటికి 93 మంది, అసంపూర్ణమైన లేక కాలము చెల్లిన వివరణలు తమకు ఎదురైనవని చెప్పిరి. అదే సర్వేలో, ప్రోగ్రాములకు తోడ్పడువారిలో నూటికి 60 మంది తాము వివరణలు వ్రాయుట అరుదనియో, అసలే లేదనియో ఒప్పుకొనిరి. జబ్బు అందరికిని తెలియును. మందు నూరుటకు చేతులు చాలుట లేదు.

కారణములు దుర్గ్రాహ్యములు కావు. మొదటిది, ప్రోగ్రామును కట్టినవానికి దానిలో తెలియనిది లేదు. తెలియనివాడు ఎచట తడబడునో ఊహించుట అతనికి కష్టము. రెండవది, క్రొత్త ప్రోగ్రాము వ్రాసినవానికి కీర్తి కలదు; పాత ప్రోగ్రామునకు నాలుగు పుటల వివరణ వ్రాసినవాని పేరు ఎవరును తలపరు. మూడవది, ప్యాకేజీల సంకలనమునకు ప్రత్యేకమైనది. వేలమంది చేతులు పడిన చోట ఒక్కొక్కరి వ్రాత ఒక్కొక్క తీరున ఉండును. ఒక ప్యాకేజీకి ఉదాహరణలతో కూడిన చక్కని ప్రకరణముండును. దాని ప్రక్కనున్న ప్యాకేజీకి ఒక్క వాక్యముతో సరి. 'రంగు' అను ఎంపికకు 'రంగును నిర్ణయించును' అని వివరణ వ్రాసి చేతులు దులుపుకొను తీరు కొల్లలుగా కనబడును. ఏ రంగుల పేర్లు చెల్లును, పేరు వ్రాయనిచో ఏ రంగు వచ్చును, తప్పు పేరు వ్రాసినచో ఏమగును అనునవియే చదువరికి కావలసినవి. అవి అందు ఉండవు.

ఈ విద్యలోని పెద్దలు దీనిని ఉపేక్షించిరని మాత్రము చెప్పరాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్‌ను నిర్మించినప్పుడు దాని వివరణ గ్రంథము ప్రథమ కూర్పు 1971 నవంబరు 3వ తేదీతో వెలువడినది. పేరు, ప్రయోగ విధానము, వివరణ, తెలిసిన దోషములు అను వరుస అందు పాటింపబడినది. తమ ప్రోగ్రాములోని దోషమును తామే వ్రాసి పెట్టుట నాటి సంప్రదాయము. డొనాల్డ్ కనూత్ అను పండితుడు 1984లో ప్రకటించిన వ్యాసములో, ప్రోగ్రామును మనుష్యుడు చదువదగిన రచనగా వ్రాయవలెనని ప్రతిపాదించెను. ప్రతి ప్రోగ్రామునకును ఒక వివరణ పుట ఉండవలెననియు, అది లేకపోవుట దోషమే అనియు డెబియన్ నియమావళి చెప్పుచున్నది. గణాంక శాస్త్రజ్ఞులు వాడు ఆర్ భాషకు చెందిన సీరాన్ భాండాగారములో, ప్యాకేజీని స్వీకరించుటకు ముందు వివరణలోని ఉదాహరణలను యంత్రముచేత నడిపించి చూతురు. ఉదాహరణ నడవనిచో ప్యాకేజీ వెనుకకు పోవును. నియమము ఉన్నచోట వ్రాత నిలిచినది. అయితే నియమము ఒక పుటను పుట్టించగలదు గాని, ఆ పుట ఎవరికి అర్థమగునో నిర్ణయింపజాలదు. తెలుగువారికి, అందును సిద్దిపేట వంటి పట్టణములలోని వారికి ముఖ్యమైనది ఆ ప్రశ్నయే.

హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున ఉన్న సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైనది. 2023లో అచట ఐటీ టవరు వెలసినది. పట్టణమునందును చుట్టుపట్ల గ్రామములందును పాఠశాలలు, కళాశాలలు కలవు. తెలుగు మాధ్యమమున చదివి కంప్యూటరు ముందు కూర్చుండు బాలబాలికలు కలరు. వారిలో ఒక విద్యార్థిని పాత తెలుగు పుస్తకపు పుటను ఫోటో తీసి, దానిని తిరిగి అక్షరములుగా మార్చదలచినదనుకొనుడు. అందుకు టెస్సెరాక్ట్ అను ఉచిత ప్రోగ్రాము ఉన్నది. హెచ్‌పీ సంస్థలో 1985, 1994 సంవత్సరముల మధ్య రూపొంది, 2005లో ఓపెన్ సోర్స్ అయిన ఈ ప్రోగ్రాము తెలుగుతో కలిపి నూరింటికి పైగా భాషలను చదువగలదు. కాని ఆ బాలిక దానిని తెచ్చుకొని ఉన్నది ఉన్నట్లు నడిపినచో, తెలుగు పుటకు బదులు అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల కుప్ప వచ్చును. ఏలయనగా భాష పేరు చెప్పనిచో ఆ ప్రోగ్రాము ఇంగ్లీషునే ఊహించుకొనును. తెలుగునకు సంబంధించిన సమాచారపు ఫైలును వేరుగా తెచ్చుకొని, ఆజ్ఞలో తెలుగునకు గల మూడక్షరముల సంకేతమును చేర్చవలెను.

ఈ రెండు సంగతులును దాని వివరణలో లేకపోలేదు. కాని అవి ఇంగ్లీషులో, ఎంపికల పట్టికలో ఒక వరుసగా, అన్ని భాషల సంకేతముల నడుమ ఉన్నవి. పది పంక్తుల తెలుగు వ్రాత చేతనున్నచో అరగంటలో నెరవేరు పనిని, అది లేని కారణమున, 'ఈ ప్రోగ్రాము తెలుగునకు పనికిరాదు' అని ఆ బాలిక విడిచిపెట్టును. నష్టము ఆమె ఒక్కతెదే కాదు. ఆమె అక్షరములలోనికి మార్చదలచిన పుస్తకము అటకమీదనే మిగిలిపోవును.

ఉపాధ్యాయుల అనుభవమును ఇట్టిదే. పాత పద్ధతి ఫాంటులో కొట్టిన ప్రశ్నపత్రమును మరియొక కంప్యూటరులో తెరచినచో పిచ్చి గీతలుగా కనబడుట వారికి పరిచితమే. ప్రతి తెలుగు అక్షరమునకును స్థిరమైన సంఖ్యను కేటాయించిన యూనికోడ్ పద్ధతి 1991 నుండియు కలదు. పోతన, లోహిత్ మొదలగు ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. 2006లో వచ్చిన లేఖిని వంటి సాధనముతో ఇంగ్లీషు అక్షరములు కొట్టి తెలుగు వ్రాయవచ్చును. స్వేచ్ఛ అను పేర తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ 2005లోనే వెలువడినది. పరికరముల కొరత లేదు. ఏ పనికి ఏది, ఏ వరుసలో, ఏ జాగ్రత్తతో వాడవలెనని ఒకచోట చెప్పు వ్రాత సామాన్య ఉపాధ్యాయుని చేతికి అందకుండుటయే కొరత.

తెలంగాణమునకు ఈ సమస్య క్రొత్తది కాదు. 1917లో హైదరాబాదు రాజ్యమున అనువాద శాఖ ఏర్పడి, మరుసటి సంవత్సరము స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని ఆ ప్రయత్నము నిరూపించినది. కాని రాజ్యములో పెక్కుమంది మాట్లాడు తెలుగునకు ఆ భాగ్యము దక్కలేదు. ప్రభుత్వము చేయనిదానిని ప్రజలు తలకెత్తుకొనిరి. అంతకు పూర్వమే, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి చరిత్ర గ్రంథములను, శాస్త్ర గ్రంథములను తెలుగున ప్రకటించిరి. నిజాం రాజ్యమున తెలుగు కవులే లేరను మాటకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 మంది కవులను లోకము ముందు నిలిపిరి. కవులు అంతకు ముందును ఉండిరి. వారిని ఒకచోట చేర్చి చూపిన పుస్తకము లేకుండుటచేతనే లేరను మాట చెల్లినది. తెలుగున పని చేయు ప్రోగ్రాముల విషయమునను జరుగుచున్నది ఇదియే.

సిద్దిపేటవారికి మరియొక ఉదాహరణము చేరువలోనే కలదు. అచటి గొల్లభామ చీర 2012లో భౌగోళిక గుర్తింపు పొందినది. తలపై కుండతో నిలిచిన గొల్లభామ బొమ్మను అద్దకముతో గాక, అదనపు పేక దారములతో నేతలోనే దించుదురు. ఆ పని తెలిసినవాని ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుటయే తరతరములుగా వచ్చిన పద్ధతి. ఆ పద్ధతికి సాటి లేదు. అయితే నేర్పువారు తగ్గిన కొలదియు నేర్చుకొను దారి సన్నగిల్లును. భౌగోళిక గుర్తింపు కొరకు దరఖాస్తు చేయువారు ఉత్పత్తి విధానమును వ్రాతమూలకముగా వివరింపవలెనని చట్టము నిర్దేశించినది. చేతి పనికే వ్రాత అవసరమైనప్పుడు, కంటికి కనబడని ఆజ్ఞలతో నడచు ప్రోగ్రామునకు అది మరింత అవసరమని వేరుగా చెప్పనక్కరలేదు. ఎన్నో ప్యాకేజీలను ఒక్కొక్క మనుష్యుడే సాకుచున్నాడు. అతడు వేరు పనికి మరలిననాడు అతని తలలో మాత్రమే ఉన్న సంగతులు అతనితోనే పోవును.

ఈ వాదమునకు మూడు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. కంప్యూటరు విద్యకు ఎట్లైనను ఇంగ్లీషు తప్పదు గనుక తెలుగు వివరణలు వృథా అనునది మొదటిది. ఇంగ్లీషు నేర్వవలదని ఎవరును అనుట లేదు. కాని ఒకే సమయమున తెలియని భాషను, తెలియని విషయమును బాలుని నెత్తిన పెట్టుట బోధనా శాస్త్రమునకే విరుద్ధము. విషయము తెలుగున బోధపడినవాడు ఆ విషయము మీదుగానే ఇంగ్లీషును సులువుగా పట్టుకొనును. సాఫ్ట్‌వేర్ నెలనెలకు మారుచుండగా వివరణలు నిలువవనునది రెండవ ఆక్షేపణ. ఇది నిజమైన కష్టమే. ఏ కూర్పునకు వ్రాసినదో, ఏ తేదీన సరిచూచినదో ప్రతి పుట పైనను వేసి, వివరణను ప్రోగ్రాము మూలముతో పాటే ఒకచోట ఉంచినచో, మూలము మారినప్పుడు వివరణను మార్చవలసిన సంగతి అందరికిని కనబడుచుండును. సాంకేతిక పదములు తెలుగున లేవనునది మూడవది. రైలు, స్టేషను, టికెట్టు అను మాటలను ఇముడ్చుకొన్న భాషకు ఫైలు, ఫోల్డరు, ప్యాకేజీ బరువు కావు. నిఘంటువులు వెదకి కల్పించిన కఠిన పదములతో నింపిన తెలుగు వివరణ కంటె ఇంగ్లీషు వివరణయే మేలని పాఠకుడు పారిపోవును. వాక్యము తెలుగుదై ఉండవలెను. పరికరము పేరు వాడుకలో ఉన్నదై ఉండవలెను.

ఇక మంచి వివరణకు లక్షణమేమి? డానియెలే ప్రొచీడా అను సాంకేతిక రచయిత వివరణలను నాలుగు తెగలుగా విభజించెను. క్రొత్తవానిని చేయి పట్టి నడిపించు పాఠము ఒకటి. ఒక నిర్దిష్టమైన పనిని సాధించు విధానము రెండవది. ఎంపికలన్నింటిని వరుసగా తెలుపు సూచిక మూడవది. ఇది ఇట్లేల ఉన్నదని కారణము తెలుపు వ్యాఖ్యానము నాలుగవది. ఈ విభాగము ఉపాధ్యాయులకు వింతగా తోచదు. వాచకము, ప్రయోగ పుస్తకము, నిఘంటువు, వ్యాఖ్య అనునవి వారు ఎరిగినవే. నిఘంటువును చేతికిచ్చి భాష నేర్చుకొమ్మను గురువు ఉండడు. సాఫ్ట్‌వేర్ వివరణలలో పెక్కు చేయుచున్నది మాత్రము అదియే.

ఒక్క ప్రోగ్రామునకు వ్రాయుట వేరు, ప్యాకేజీల సంకలనమునకు వ్రాయుట వేరు. సంకలనమునకు ముందుగా ఒక అచ్చు కావలెను. ఈ ప్యాకేజీ ఏ పనికి, ఎవరికి, దేనిపై ఆధారపడియున్నది, ఎట్లు తెచ్చుకొనవలెను, మొదటి చిన్న ఉదాహరణ ఏది, తరచు వచ్చు తప్పులేవి, ఏ పని దీనితో కాదు, ఏ కూర్పునకు ఎప్పుడు సరిచూడబడినది అను ఎనిమిది ప్రశ్నలకు ప్రతి ప్యాకేజీ పుటయు ఒకే వరుసలో సమాధానము చెప్పినచో చాలును. ఒకదానిని చదివినవాడు రెండవదానిలో వెదకులాడనక్కరలేదు. లేని సమాధానమునకు ఖాళీ గడి కనబడుచుండును. ఆ ఖాళీయే తరువాతి వ్రాయసకానికి పిలుపు అగును.

ఆ వ్రాయసకాండ్రు ఎవరు? ఉపాధ్యాయులును విద్యార్థులునే. తెలియనివాడు ఎచట తడబడునో ప్రోగ్రాము కట్టినవాడు మరచినను, మొన్న తడబడి నిన్న లేచినవాడు మరువడు. విద్యార్థి మొదటి పర్యాయము నడచిన దారిని, పడిన గోతులతో సహా, ఆ వారమే వ్రాసిపెట్టినచో అంతకు మించిన పాఠము లేదు. దానిని మరియొక తరగతి విద్యార్థి చేతికిచ్చి, ప్రక్కనుండి మాట సాయము చేయకుండ, ఆ కాగితము ప్రకారమే చేయుమనవలెను. అతడు ఆగినచోట వాక్యమును మార్చవలెను. తెలుగు ఉపాధ్యాయుడు వాక్యమును చక్కదిద్దును. గణితము లేక విజ్ఞాన శాస్త్రము చెప్పువాడు విషయమును సరిచూచును. ఇంగ్లీషు మూలములో తప్పు కనబడినచో దానిని అసలు రచయితలకు తెలుపవలెను. ప్రోగ్రాము ఒక్క పంక్తియు వ్రాయజాలనివాడు ప్రపంచపు పనికి తోడ్పడుటకు ఇంతకన్న సులభమైన ద్వారము లేదు.

ఇది ఊహా సౌధము కాదు. కేరళ రాష్ట్రమున 2001లో ఐటీ ఎట్ స్కూల్ అను పథకము ప్రారంభమై, క్రమముగా ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారినవి. అచట కంప్యూటరు పాఠ్యపుస్తకములు మలయాళమునను వెలువడినవి. ఉపాధ్యాయులకు శిక్షణ లభించినది. తెలుగునాట 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో, క్రొత్తవారికి దారి చూపు సహాయ పుటలను స్వచ్ఛంద సేవకులే తెలుగున వ్రాసిరి. జీతము లేని వ్రాత నిలువదను మాటకు అదియే సమాధానము.

అయితే స్వచ్ఛంద సేవ మీదనే భారమంతయు మోపుట న్యాయము కాదు. కళాశాలలలో ప్రాజెక్టు అనగా క్రొత్త ప్రోగ్రాము వ్రాయుటయే అను అభిప్రాయము ప్రబలియున్నది. పలుమారు ఆ ప్రోగ్రామును మార్కులు పడిన మరునాడు తెరచి చూచువారుండరు. దానికి బదులు, లోకము వాడుచున్న ఒక ప్యాకేజీకి సరిచూచిన తెలుగు వివరణ వ్రాయుటను ప్రాజెక్టుగా అంగీకరించినచో విద్యార్థికి విషయము పట్టుబడును, ఊరికి ఒక పుట మిగులును. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథములను తెలుగున తెచ్చిన అనుభవమును ఇందుకు ఆదర్శముగా గ్రహింపవచ్చును. వ్రాసినవారి పేర్లు ప్రతి పుటపైనను ఉండవలెను. ప్రోగ్రాము కట్టినవారితో సమానముగా వారిని గణింపవలెను.

64 వేల ప్యాకేజీలను చూచి జంకవలసిన పని లేదు. పాఠశాలకు నిజముగా కావలసినవి ఇరువదికి మించవు: అక్షరములు కొట్టునది, లెక్కల పట్టిక వేయునది, బొమ్మ గీయునది, పాత పుటను చదువునది మొదలగునవి. సిద్దిపేటలోని ఒక పాఠశాల ఈ సంవత్సరము వానిలో ఒక్కదానిని ఎంచుకొని, పది పంక్తులు వ్రాసి, పదవ తరగతి విద్యార్థిచేత సరిచూపించినచో, రాబోవు సంవత్సరము మరియొక పాఠశాల రెండవదానిని చేపట్టును. భాండాగారపు తలుపులు తెరచియే ఉన్నవి. లోపలికి వచ్చినవానికి ఏ అర వద్దకు పోవలెనో తెలుపు కాగితము తెలుగున వ్రాయుట తెలుగువారు తప్ప ఇతరులు చేయు పని కాదు.